పాడి రైతుల ప్రశ్నలు: ఈనిన గేదె, పొంచి ఉన్న కాకి

ప్రశ్న: మా గేదె పది రోజుల క్రితం తెల్లవారాక పెరట్లో ఈనింది. నేను ఇంట్లోకి వెళ్లి వేడినీళ్లు తెచ్చేలోపే నాలుగైదు కాకులు దూడ మీద వాలి బొడ్డు దగ్గర పొడిచాయి. ఇప్పుడు ఆ బొడ్డు వాచింది, దూడ సరిగా పాలు తాగడం లేదు. వచ్చే నెలలో మా పడ్డ తొలిచూలు ఈనబోతోంది. ఈసారి ఏం జాగ్రత్త తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, ముందు ఉన్న దూడను చూసుకోండి. ఈ జవాబు చదివిన రోజే పశువైద్యుడికి చూపించండి. బొడ్డు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, దూడ పాలు మానేసిందంటే లోపల చీము పట్టిందని అనుమానించాలి. ఆ చీము రక్తంలోకి చేరితే మోకాళ్లు, మడమల కీళ్లు వాచి దూడ లేవలేని స్థితికి వస్తుంది. పసుపు, బూడిద అద్ది ఎదురుచూసే సమయం ఇది కాదు. ఈగలు వాలి పుండులో పురుగులు పడ్డాయేమో కూడా వెంట్రుకలు పక్కకు తీసి చూడండి.

కాకి దూడను చంపాలని రాదు. ఉమ్మనీటితో తడిసిన పొరలు, నెత్తురు, వేలాడే బొడ్డుతాడు, ఇంకా పడని మాయ దానికి దొరికే తిండి. ఆ తిండి కోసం వచ్చిన పక్షికి, లేవలేక పడి ఉన్న దూడ శరీరంలో మెత్తగా కనిపించే కన్ను, నాలుక, బొడ్డు, మలద్వారం కూడా తిండిలాగే కనిపిస్తాయి. తల్లి వెంటనే నాకి, దూడ లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటే కాకికి అవకాశం దాదాపు ఉండదు. ఈత కష్టమై తల్లి అలసి పడుకున్నప్పుడు, తొలిచూలు పడ్డ బెదిరి దూడను దగ్గరికి రానివ్వనప్పుడు, బలహీనంగా పుట్టిన దూడ తల కూడా ఎత్తలేనప్పుడు ప్రమాదం వస్తుంది. నా అనుభవంలో కాకి పోటు కంటే, ఆ పోటు తర్వాత పట్టించుకోని పుండే ఎక్కువ దూడలను తీసుకుపోయింది.

అందువల్ల మీ పడ్డ విషయంలో అన్నిటికంటే ముఖ్యం ఈనే వేళకు మనిషి దగ్గర ఉండటం. పొదుగు నిండుగా దిగి, మానం వాచి, తోక మొదలుకు రెండు పక్కలా గుంటలు పడి, తీగలాంటి జిగురు కారుతూ ఉంటే ఈత దగ్గరపడినట్టే. ఆ లక్షణాలు కనిపించగానే చెట్టు కింద కట్టడం మాని కప్పు ఉన్న పాకలోకి మార్చండి. తెరిచి ఉన్న వైపు పాత చేపల వల ఉంటే కప్పు నుంచి నేల దాకా బిగుతుగా కట్టండి. వదులుగా వేలాడదీస్తే దూడ కాళ్లు చిక్కుకుంటాయి. మేకపిల్లలను గంప కింద మూసే అలవాటు మన ఊళ్లలో ఉన్నదే కానీ, దూడకు అది పనికిరాదు. తల్లి నాకడానికి అడ్డం రాకూడదు.

దూడ పడగానే ముక్కు, నోటిలోని జిగురు తీసి తల్లి ముందు పెట్టండి. తల్లి నాకకపోతే గోనెపట్టాతో ఒళ్లంతా రుద్ది ఆరబెట్టండి. బొడ్డుతాడును పొట్టకు రెండంగుళాల దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, ముడి కింద కత్తిరించి, మొదలంతా తడిసేలా టింక్చర్ అయోడిన్ రాయండి. మూడు రోజులు ఉదయం, సాయంత్రం అలాగే చేయండి. ఎండిన బొడ్డు మీద కాకికి ఆశ ఉండదు. జున్నుపాలు మాయ పడేదాకా పట్టకూడదనే నమ్మకాన్ని దయచేసి వదిలేయండి. ముప్పై కిలోల దూడకు తొలిరోజు మూడు లీటర్ల వరకు కావాలి, అందులో సగం మొదటి రెండు గంటల్లోనే పొట్టలోకి చేరాలి. మాయ సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పడుతుంది. పడగానే లోతుగా పాతిపెట్టండి, లేకపోతే కాకుల తర్వాత కుక్కలు కూడా పాక చుట్టూ తిరుగుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని కెంటకీలో ఒక పశుక్షేత్రంలో పనిచేస్తున్నాడు. అక్కడ రాబందులు పుడుతున్న దూడలనే తింటున్నాయని చెబుతున్నాడు. రాబందు బతికి ఉన్నదాన్ని ముట్టదని కదా మనం విన్నాం? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. మీరు విన్నది మన దేశపు రాబందులకు వర్తిస్తుంది. అక్కడ రెండు రకాలు కలిసి తిరుగుతాయి. ఎర్రని బోడితల ఉన్న టర్కీ రాబందు వాసన పట్టి కళేబరాన్ని వెతుకుతుంది. నల్లటి తల ఉన్న నల్ల రాబందుకు ఆ వాసనశక్తి అంతగా లేదు. అది టర్కీ రాబందుల వెంట వెళ్తుంది, గుంపుగా మీద పడుతుంది, ఈనుతున్న ఆవు చుట్టూ కాచుకుని ఉంటుంది. ఒకప్పుడు దక్షిణ రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించిన ఈ పక్షి కొన్ని దశాబ్దాలుగా ఒహాయో, ఇండియానాల వైపు విస్తరించింది.

1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా దాన్ని చంపకూడదు. పెద్ద శబ్దాలతో, కుక్కలతో గాయపరచకుండా తరమవచ్చు. చచ్చిన రాబందులా కనిపించే బొమ్మను అవి వాలే చెట్టుకు తలకిందులుగా వేలాడదీస్తే ఆ చోటు వదిలిపోతాయి. అక్కడ బాగా పనిచేస్తున్న ఉపాయం ఇదే. తొలిచూలు పెయ్యలను ఇంటికి దగ్గరి బీడులో ఉంచాలి. మేతను సాయంత్రం వేస్తే ఎక్కువ ఈతలు పగటిపూట జరుగుతాయి. రాబందులూ పగలే తిరుగుతాయి కానీ మనుషులు కూడా అప్పుడే మేల్కొని ఉంటారు. దూడ చనిపోతే వెంటనే ఫోటోలు తీసి ఉంచమనండి. ఇలాంటి నష్టానికి మార్కెట్ విలువ మొత్తం (2025కు ముందు 75 శాతం) ఇచ్చే అమెరికా ప్రభుత్వ పథకం ఉంది, దానికి ఆధారం అడుగుతారు.

ప్రశ్న: అన్నంలో పురుగుమందు కలిపి కాకులకు పెడితే పీడ పోతుందని పక్క రైతు అంటున్నారు. సరైనదేనా? (ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా)

జవాబు: వద్దు. ఆ మెతుకులు మీ కోళ్లు, మీ కుక్క తింటాయి, చచ్చిన కాకిని మరో జంతువు తింటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకిని చేర్చిన, అనుమతి లేకుండా చంపేందుకు వీలిచ్చిన హానికర జీవుల జాబితానే 2022 సవరణ తొలగించింది.

ప్రశ్న: మా ప్రాంతంలో పాలరాపు గుట్ట మీద రాబందులు ఉన్నాయి. మా ఆవుల మందకు వాటివల్ల ముప్పు ఉందా? (ఒక పాఠకుడు, ఆసిఫాబాద్ జిల్లా)

జవాబు: మీ మందకు వాటివల్ల ముప్పు లేదు, వాటికే మన మందలవల్ల ముప్పు వచ్చింది. ఆ గుట్ట రాళ్ల అంచుల్లో గూళ్లు పెట్టుకున్న పొడుగు ముక్కు రాబందులు కళేబరాలు తిని బతికేవి; దూడ మీద వాలవు. నొప్పులకు పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చనిపోయాక మాంసం ద్వారా వాటి మూత్రపిండాలను పాడుచేసింది. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపు నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా తగ్గిపోయాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది.

ఈత కష్టమై ఆవు నొప్పితో ఉన్నప్పుడు సూది వేయించాల్సి వస్తే, మెలాక్సికామ్ వేయమని వైద్యుడిని అడగండి. అది రాబందులకు హాని చేయదు. ఏ మందు వేశారో పేరు రాసి పెట్టుకోండి. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ సూదిమందును పశువుకు వేయనివ్వకండి. వేరే నొప్పి మందు పడిన పశువు కొద్దిరోజుల్లోనే చనిపోతే, ఆ కళేబరాన్ని గుట్ట వైపు పారవేయకుండా పూడ్చిపెట్టండి.