ప్రపంచమంతటికీ తిండి పెట్టాలంటే పర్యావరణం దెబ్బతినక తప్పదా?

తప్పదంటే నేను ఒప్పుకోను. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను గానీ, మాది తెనాలి దగ్గర కాలవ కింద మాగాణి. పర్యావరణానికి హాని లేకుండా రెండో పంట పండటం నేను అక్కడ కళ్లారా చూశాను.

వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే, మా నాన్న నడుముకి సంచి కట్టుకుని కోయని చేలోకి దిగి మినుములు చల్లేవాడు. ఎకరానికి 16 కిలోలు. దుక్కి లేదు, నీళ్లు పెట్టేది లేదు, యూరియా లేదు. ఆ మిగిలిన పదునుకీ, రాత్రిళ్లు కురిసే మంచుకీ పెరిగి, సంక్రాంతికల్లా చేనంతా పచ్చగా కమ్ముకునేది. మినుము వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది. నాన్నకి ఆ పేరు తెలీదు. "మినుము పండిన చేలో వరి బాగుంటుందిరా" అనేవాడు, అంతే.

ఒక ఏడాది విత్తనం చల్లేశాక కోతకి కూలీలు దొరకలేదు. మూడో రోజు రాలేదు, ఐదో రోజూ రాలేదు. కింద మొలకలు లేస్తున్నాయి. టెన్షన్ తట్టుకోలేక కోత మిషన్ పిలిపించాం. మధ్యాహ్నానికల్లా వడ్లు ట్రాక్టర్లో పడ్డాయి. చేలోకి దిగి చూస్తే మిషన్ చైను తొక్కిన మేరా మొలకలు బురదలో నలిగిపోయాయి. నాన్న వంగి చూసుకుంటూ ఆ జాడ వెంట చివరిదాకా వెళ్లొచ్చి, గట్టు మీద కూలబడి "సగం పోయిందిరా" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మరుసటేడు చుట్టుపక్కల వాళ్లలాగే మేమూ మొక్కజొన్నకి మారాం. దానికి నాలుగైదు తడులు పెట్టాలి, యూరియా బస్తాలకి బస్తాలు పోయాలి. పండిందేమో చాలావరకు కోళ్ల దాణాకి పోతుంది. ఆహార భద్రతని టన్నుల్లో లెక్కేస్తారు కాబట్టి మొక్కజొన్నే గొప్పగా కనిపిస్తుంది. నన్నడిగితే ఆ లెక్కే తప్పు.

మినుముకి ఆకులు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులు రాదా అంటారు. వస్తుంది, మాకూ రెండేళ్లు పంట పోయింది. కానీ గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధనా స్థానం తెగులు తట్టుకునే రకాలు తెచ్చింది. మిషన్ తొక్కుడు తట్టుకునే విత్తనం మాత్రం ఎవరూ తేలేరు. యూరియా సబ్సిడీలో కొంత తీసి, మొలక నలగకుండా కోసే తేలిక మిషన్ల మీద పెట్టాలి. ఇప్పుడు మన దేశం మయన్మార్ నుంచి మినుములు తెప్పించుకుంటోంది. కృష్ణా డెల్టాలో ఉండి, ఓడలో వచ్చిన పప్పుతో ఇడ్లీ పిండి రుబ్బుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకా ఇంకా పండించాలి అనేవాళ్లు బెజవాడలో ఏ పెళ్లి భోజనాల దగ్గరికైనా వెళ్లి, ఎత్తేసే ఆకులు చూడాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కలో, 2022లో జనానికి అందుబాటులోకి వచ్చిన ఆహారంలో 19 శాతం వృథా అయిపోయింది.

పోయినేడు ఒక ఎకరం పట్టుబట్టి మనుషులతోనే కోయించాను. కూలి మిషన్ కంటే చాలా ఎక్కువైంది. మినుములు ఐదు బస్తాలు వచ్చాయి. ఈ ఏడూ అలాగే చల్లిస్తాను.