రాజు సంగతి వేరు, జెండా సంగతి వేరు: మీ ప్రశ్నలకు మా జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే. మా చిన్నోడు ఆక్లండ్‌లో ఉద్యోగం చేస్తాడు. మొన్న వీడియో కాల్‌లో వాడింటి ఎదురుగా ఉండే స్కూలు మీద జెండా కనపడింది, చూస్తే మూలకి బ్రిటిష్ వాళ్ళ జెండా అట్లనే ఉంది! ఇదేందిరా అంటే 'ఇక్కడ రాజు కూడా ఆయనే నాయనా, చార్లెస్' అంటాడు. స్వతంత్ర దేశానికి ఆ రాజెందుకు, ఆ గుడ్డ ఎందుకు? రెండూ తీసి పారేయొచ్చు కదా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: అన్నా, మీరు ఒక్క ప్రశ్న అడిగినాననుకుంటున్నారు గానీ ఇవి రెండు. రాజును పంపించేది ఒకటి, జెండా మార్చేది ఇంకోటి. రెండూ ఒకే రోజు జరిగిపోతాయని మనకు ఎందుకో ఒక ఊహ, అసలు మన దగ్గరే అట్ల జరగలా. మన మూడు రంగుల జెండాను రాజ్యాంగ సభ 1947 జులై 22న ఒప్పుకుంది, రాజు మాత్రం 1950 జనవరి 26 దాకా పోలేదు. మధ్యలో రెండున్నరేళ్ళు పైన ఎగిరేది మన జెండా, కాగితాల్లో రాజు మాత్రం ఆరో జార్జి. మా అవ్వ ట్రంకు పెట్టెలో ఒక నికెల్ రూపాయి బిళ్ళ ఉండేది, 1947ది, ఒకపక్క జార్జి తలకాయ, ఇంకోపక్క పులి. అవ్వ దాన్ని 'పులి బిళ్ళ' అనేది, వెనకపక్క ఉండే ఆ బట్టతలాయన ఎవరని ఒక్కసారి కూడా అడిగినట్టు నాకు గుర్తులేదు (బట్టతల కాదులే, చిన్నప్పుడు అరిగిపోయిన బిళ్ళ చూసి నేను అట్ల అనుకునేవాణ్ణి).

బయటి దేశాల్లో ఇంకా విచిత్రం. కెనడా 1965 ఫిబ్రవరి 15న పాత జెండా దించేసి మేపుల్ ఆకు జెండా ఎగరేసింది, రాజరికం మాత్రం ఇప్పటికీ ఉంది. ఫిజీది దీనికి తలకిందులు, 1987లోనే రిపబ్లిక్ అయిపోయింది, జెండా మూలలో యూనియన్ జాక్, అంటే ఆ బ్రిటిష్ జెండా మాత్రం నేటికీ పోలేదు. పోగొడదామని వాళ్ళ ప్రధాని బైనీమరామా 2015లో బయల్దేరినాడు, డిజైన్లు కూడా పిలిచినారు, ఇంతలో 2016లో రియో ఒలింపిక్స్‌లో ఫిజీ రగ్బీ టీమ్ గోల్డ్ కొట్టింది, ఆ దేశానికి అదే మొట్టమొదటి ఒలింపిక్ మెడల్, ఇంక జనం అదే జెండా పట్టుకొని ఊగిపోతా ఉంటే ఆయనే వెనక్కి తగ్గి 'మార్చంలే' అని చెప్పినాడు. చూడండి, బ్రిటిష్ వాడి గుర్తు మూలలో ఉండంగానే అది వాళ్ళ సొంత జెండా అయిపోయింది.

ఇప్పుడు మీ చిన్నోడు ఉండే దేశం, న్యూజిలాండ్. జాన్ కీ ప్రధానిగా ఉన్నప్పుడు జెండా మారుద్దామని పట్టుబట్టినాడు. డిజైన్లు పంపండి అంటే పది వేలకు పైగా వచ్చినాయి, వాటిలో కళ్ళలో నుంచి లేజర్ కొడతా ఉండే కివి పిట్ట బొమ్మ కూడా ఒకటి, నవ్వుకోవద్దండి, ప్రపంచమంతా ఫేమస్ అయింది అది. 2015 చివర్లో ఐదు డిజైన్లలో ఒకదాన్ని ఓటేసి ఎంచుకున్నారు, నలుపు, తెలుపు, నీలం మీద ఫెర్న్ ఆకు, దక్షిణ శిలువ నక్షత్రాలు. 2016 మార్చిలో అదా, పాతదా అని మళ్ళీ ఓటు. పాతదానికి 56 శాతం పైచిలుకు పడినాయి, కొత్తదానికి 43. ఈ మొత్తం తతంగానికి పెట్టుకున్న బడ్జెట్టు దాదాపు 2 కోట్ల 60 లక్షల న్యూజిలాండ్ డాలర్లు.

ఎందుకు ఓడిపోయిందంటే, యుద్ధాల్లో మావాళ్ళు ఈ జెండా కిందే ప్రాణాలిచ్చినారు అనే పెద్దోళ్ళు కొందరు, ఇది ప్రధాని సొంత మోజు, మాకు పనిలేదు అనేవాళ్ళు కొందరు, ఇంకొందరైతే పాత జెండా పోవాల్సిందే అని గట్టిగా అనుకునేవాళ్ళే, కానీ ఈ కొత్తది ఏదో కంపెనీ లోగో మాదిరి ఉందే అని మొహం చిట్లించుకున్నారు. అంటే ఓడించింది రాజభక్తులు ఒక్కరే కాదన్నా. ఆస్ట్రేలియా జెండాతో కన్ఫ్యూజ్ అవుతాంది కాబట్టి మారుద్దాం అనేది జాన్ కీ వాదనల్లో ఒకటి, అది నిజమే, క్రికెట్ మ్యాచ్‌లో నేనూ తికమక పడతా, ఎర్ర నక్షత్రాలు నాలుగు ఉంటే న్యూజిలాండ్, తెల్లవి ఆరు ఉంటే ఆస్ట్రేలియా, అంత గుర్తుపెట్టుకుంటే చాలు.

రాజు విషయం ఆస్ట్రేలియాలో తేలాల్సింది, 1999 నవంబర్ 6న ఓటు పెట్టినారు. అప్పటికి సర్వేల్లో రిపబ్లిక్ కావాలనేవాళ్ళే ఎక్కువ. కానీ పెట్టిన మోడల్‌లో ప్రెసిడెంట్‌ను పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో ఎన్నుకుంటుంది. 'మేమే ఓటేసి ఎన్నుకోవాలి గానీ ఈ నాయకులు కూర్చోని తేల్చేదేంది' అని రిపబ్లిక్ కావాలనేవాళ్ళలోనే ఒక వర్గం నో అనేసింది. పెళ్ళి చేద్దామని ఇంటిల్లిపాదీ ఒప్పుకొని సంబంధం దగ్గర కొట్టుకున్నట్టు. కావాలన్నది సుమారు 45 శాతం, వద్దన్నది 55, ఆరు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా అవునన్లేదు. అక్కడ రాజ్యాంగం మార్చాలంటే దేశం మొత్తం మీద మెజారిటీ, మళ్ళీ ఆరింట్లో నాలుగు రాష్ట్రాల మెజారిటీ, రెండూ రావాల.

రాజు ఉత్త బొమ్మే కదా, ఉంటే ఏం పోయింది అంటారు చాలామంది. 1975 నవంబర్ 11న ఆస్ట్రేలియాలో ఆ బొమ్మ తరఫున కూర్చున్న గవర్నర్ జనరల్ జాన్ కెర్, ఎన్నికైన ప్రధాని గాఫ్ విట్లమ్‌ను పదవి నుంచి తీసేసినాడు. కాబట్టి పోయేది ఏమీ లేదనేమాట నేను ఒప్పుకోను. నా మాట అడిగితే రాజును పంపించేయడమే మంచిది, అయితే ఆయన కుర్చీలో ఎవరు, ఎట్ల కూర్చుంటారనేది ముందే రాసిపెట్టుకొని పంపించాల. బార్బడోస్ అదే చేసింది, 2021 నవంబర్ 30న సాండ్రా మేసన్ మొదటి ప్రెసిడెంట్, చార్లెస్ కూడా పోయి కార్యక్రమంలో కూర్చున్నాడు, అప్పటికింకా యువరాజే. జెండా ముట్టుకోలా, ముట్టుకోవాల్సిన పనీ లేదు, 1966లోనే విరిగిన త్రిశూలంతో సొంతది కుట్టుకున్నారు. ఆ రాత్రే పాటగత్తె రిహానాను జాతీయ హీరోగా ప్రకటించినారు, అది వేరే ముచ్చట.

జెండాకు మాత్రం తొందర పడొద్దంటా. 1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కుంఫిణీకి ఇచ్చేసినప్పటి నుంచి మనల్ని సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అన్నారు, తెలుగులో దత్త మండలాలు. ఎవడో ఎవడికో ఇచ్చేసిన సొత్తు మాదిరి ఆ పేరేంది అని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు ముందుకు తెచ్చినారు, ఇంటింటికీ నచ్చింది, నిలిచింది. ఎందుకు నిలిచిందంటే అందులో ప్రతివాడికీ తన పెద్దోళ్ళు కనపడినారు. మరి పాతది చచ్చిందా? సినిమావాళ్ళనడగండి, కొత్త సినిమా రిలీజైన శుక్రవారం ఇప్పటికీ 'సీడెడ్‌లో ఓపెనింగ్స్ ఎంత' అనే అంటారు, మన అభిమానులు కూడా ఎగిరి ఎగిరి చెప్పుకుంటారు. న్యూజిలాండ్ వాళ్ళకు రాయలసీమ మాదిరి పేరు దొరకలేదు, దొరికినప్పుడు ఓటు కూడా అక్కర్లేకుండా మారిపోతుంది జెండా.

ప్రశ్న: అన్నా, అనంతపురంలో వెయ్యి అడుగులు బోరేసినా నీళ్ళు పడటం లేదు. ఎక్కడో దేశానికి రాజు ఉంటే ఏం, లేకపోతే ఏం? పేజీ వేస్ట్.
– రైతు, కళ్యాణదుర్గం

జవాబు: తిట్టు తిట్టినట్టు తీసుకున్నా తమ్ముడూ. పోయిన రెండు సంచికల్లో బోర్ల గురించే రాసినా, నువ్వు చదవలేదు. వచ్చే సంచికలో హంద్రీ నీవా మీద మూడు ప్రశ్నలున్నాయి, నీది కూడా పంపు.

ప్రశ్న: కడప స్పెల్లింగు కూడా బ్రిటిష్ వాళ్ళదే కదా సార్, దాన్ని మార్చినాక ఏమైనా తేడా వచ్చిందా?
– డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: 2005లో ఇంగ్లీషు స్పెల్లింగు మార్చినారమ్మా, బోర్డులు, లెటర్ హెడ్లు మారినాయి. కాలువ మాత్రం కేసీ కెనాలే, అంటే కర్నూలు-కడప కాలువ. సీ అంటే ఆ పాత స్పెల్లింగే కదా, కేకే కెనాల్ అని ఎవరన్నా అంటే సుంకేసుల దగ్గర లష్కరు కూడా నవ్వుతాడు.

ప్రశ్న: మా అక్క కొడుకు న్యూజిలాండ్ సిటిజన్‌షిప్ తీసుకుంటా ఉన్నాడు. అక్కడ రాజు పేరు మీద ప్రమాణం చేయాలంట, నిజమేనా? మనవాడు ఇంగ్లండు రాజుకు చేతులు కట్టుకోవడమేంది, మనసుకు ఎట్లనో ఉంది.
– ఒక మేనమామ, ఆదోని

జవాబు: నిజమే. అక్కడ ప్రమాణంలో రాజు చార్లెస్‌కు, ఆయన వారసులకు విధేయంగా ఉంటాననే మాట ఉంటుంది. అయితే వాళ్ళ చట్టం ప్రకారం ఆయన ఇంగ్లండు రాజుగా కాదు, న్యూజిలాండ్ రాజుగా లెక్క, ఒకే మనిషి, రెండు కుర్చీలు. దేవుడి పేరు లేకుండా కూడా చెప్పొచ్చు. ఆస్ట్రేలియా అయితే 1994 నుంచి ఈ బాధ లేదు, దేశానికీ జనానికీ విధేయత చెప్తే చాలు. మీరు రాజు గురించి బాధపడతా ఉండారు గానీ అసలు చూసుకోవాల్సింది ఇంకోటుంది. మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం వేరే దేశం పౌరసత్వం తీసుకున్న వెంటనే ఇక్కడిది పోతుంది, ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేయాల. ఓసీఐ కార్డుకు, అంటే వేరే దేశం పౌరులైపోయిన మనవాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డుకు అప్లై చేసేటప్పుడు ఆ సరెండర్ కాగితం అడుగుతారు, జాగ్రత్తగా పెట్టుకోమని చెప్పండి.