కంట్లో ఇంజెక్షన్ తర్వాత ఎరుపు, నల్ల చుక్కలు: ఎప్పుడు భయపడాలి?

ఇంజెక్షన్ వేయించుకున్న మర్నాడు కన్ను ఎర్రబడి, నల్ల చుక్కలు తేలుతున్నాయి, ఇది ఇన్ఫెక్షనా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) వాచిన మా అమ్మకు ఈ ఇంజెక్షన్లు వేయిస్తుంటాను. ఒకసారి ఇన్ఫెక్షన్ కూడా వచ్చింది.

నొప్పి లేకుండా, చూపు తగ్గకుండా తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ మాత్రమే ఉంటే, అది సూది గుచ్చిన చోట పైపొర కింద చేరిన రక్తం. ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. చూపులో కిందివైపు కదిలే గుండ్రటి చుక్కలు చాలాసార్లు మందుతోపాటు వెళ్లిన గాలి బుడగలే. మొదటి రోజు ఇసుక పడ్డట్టు మంట ఎక్కువగా శుభ్రం చేయడానికి వేసే పోవిడోన్ అయోడిన్ వల్ల. ఆ మంటకు మా అమ్మ ప్రతిసారీ ఇల్లంతా లేపుతుంది.

తగ్గుతోందా, పెరుగుతోందా అన్నదే చూడండి. ఆసారి అమ్మకు మర్నాడు బాగానే ఉంది. తర్వాత నొప్పి మొదలైంది, వెలుతురు చూడలేకపోయింది, ఎదురుగా పెట్టిన వేళ్లు కూడా లెక్కపెట్టలేకపోయింది. బాగుండి మళ్లీ పాడవడమే అసలు ప్రమాదం. కంటి లోపల వచ్చే ఈ ఇన్ఫెక్షన్‌ను ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. వేల ఇంజెక్షన్లలో ఒకరికి వస్తుంది కానీ, వస్తే ఒక్క పూట ఆలస్యమైనా చూపుకే నష్టం.

డాక్టర్ స్లిట్ ల్యాంప్‌తో (కన్ను చూసే మైక్రోస్కోప్) చూస్తే నల్లగుడ్డు వెనక అడుగున చీము పేరుకుని ఉంది. లోపల ఏమీ కనబడక అల్ట్రాసౌండ్ స్కాన్ చేశారు. కంట్లోంచి కాస్త ద్రవం కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకు తీసి, రిపోర్టు కోసం ఆగకుండా వాంకోమైసిన్, సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌లు కంట్లోకే ఎక్కించారు. 'ఇంజెక్షన్‌తో వచ్చినదానికి మళ్లీ ఇంజెక్షనా!' అని అమ్మ మొండికేసింది. చుక్కల మందు కంటి లోపలికి సరిపడా చేరదని చెబితే ఒప్పుకుంది. తగ్గకపోయినా, చూపు మరీ పడిపోయినా విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీని తీసేసే ఆపరేషన్ చేస్తారు. అమ్మకు ఆ అవసరం రాలేదు. చూపు చాలావరకు వచ్చింది, పూర్తిగా కాదు.

కొందరికి మందు పడక క్రిములు లేని వాపు వస్తుంది, దానికి సాధారణంగా స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు. ఏది ఏదో ఇంట్లో తేల్చలేం, అందుకని మిగిలిపోయిన పాత చుక్కలు మాత్రం వేయకండి. మెరుపులు, పక్కనుంచి తెర దిగినట్టు నీడ కనిపిస్తే రెటీనా ఊడుతుండవచ్చు, అదీ ఎమర్జెన్సీయే.

ఇప్పుడే రెండో కన్ను మూసి, ఇంజెక్షన్ వేసిన కంటితో ఏదైనా చదివి చూడండి. నిన్నటికంటే మసకగా ఉన్నా, నొప్పి పెరుగుతున్నా ఇంజెక్షన్ వేసినచోటికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే రెటీనా డాక్టర్ ఉన్న ఏ ఆసుపత్రికైనా ఈ రాత్రికే వెళ్లండి.