అంతుచిక్కని భావనను స్వీడిష్‌లో ఎలా చెప్పాలి?

ఇంగ్లీషు 'ఎల్యూసివ్ కాన్సెప్ట్'కు స్వీడిష్‌లో ఏ మాట సరిపోతుందన్నది ప్రశ్న. చాలా సందర్భాల్లో 'స్వోర్‌ఫోంగద్' చాలు. 'స్వోర్' అంటే కష్టం, 'ఫోంగా' అంటే పట్టుకోవడం. భావనను సూచించే 'బెగ్రెప్' నపుంసకలింగం కాబట్టి విశేషణం చివరి 'ద్' కాస్తా 'త్' అవుతుంది: 'ఎత్ స్వోర్‌ఫోంగత్ బెగ్రెప్'.

నిఘంటువులో కనిపించే 'యెక్కండె' జోలికి ఇక్కడ పోకండి. అందులో ఆటపట్టించి తప్పించుకునే ఛాయ ఉంది. దొరకని దొంగకో, అంతుపట్టని చిరునవ్వుకో నప్పుతుంది. 'లుద్దిగ్' మరీ ప్రమాదం. 'లుద్' అంటే బట్టమీది నూగు. భావన లోతైనదని కాదు, చెప్పినవాడికే స్పష్టత లేదన్న విసురు అందులో వినిపిస్తుంది. ఎన్నికల వాగ్దానాలకైతే భేషుగ్గా పనికొస్తుంది లెండి.

ఏదో తేడా ఉంది, అదేమిటో ఇదమిత్థంగా తేల్చలేకపోతున్నాం అన్నప్పుడు ఇంగ్లీషువాళ్లు దానిమీద వేలు పెట్టలేకపోతున్నామంటారు. ఇక్కడ తిప్పలు లేవు. స్వీడిష్‌లోనూ 'సెత్తా ఫింగ్రెత్ పో' అని అచ్చంగా అదే జాతీయం ఉంది.

కంపెనీ లెక్కల్లో పేటెంట్లవంటి 'ఇన్‌టాంజిబుల్' (భౌతిక రూపం లేని) ఆస్తుల సంగతి వేరు. అక్కడ సొంత కవిత్వం కుదరదు, 'ఇమ్మతెరియెల్లా తిల్‌గోంగర్' అన్న స్థిరపడిన పరిభాషే రాయాలి.