పొలం ఇచ్చారా, పంట ఇచ్చారా?

ప్రశ్న: మా అమ్మ పాలకొల్లులో పుట్టి, అక్కడే కాపురం చేసి, అక్కడే పోయింది. 1974లో పదహారేళ్లకే పెళ్లి చేశారు. పసుపు కుంకుమ కింద తాతయ్య ఎకరం ఇరవై సెంట్లు తెల్లకాగితం మీద రాసిచ్చారు. 1986లో నాన్న పోయాక అమ్మ మిషను కుట్టి, అప్పడాలు వత్తి, ఆ పొలం మీద వచ్చే కౌలుతో నన్నూ తమ్ముణ్నీ పెంచింది. తాతయ్య 1999లో, అమ్మ 2021లో చనిపోయారు. ఈ సంక్రాంతి దాటాక దాళ్వా (రెండో పంట) నాట్లకు మా కౌలుదారుని మేనమామల కొడుకులు చేలో దిగనివ్వలేదు. రిజిస్ట్రేషన్ లేని కాగితం చెల్లదంటున్నారు. అమ్మ పడ్డ కష్టం చూసైనా కోర్టు న్యాయం చేయదా? పెనాల్టీ కట్టి ఆ కాగితాన్ని ఇప్పుడు రిజిస్టరు చేయించవచ్చా? పాత స్టాంపు కాగితం సంపాదించి దాని మీద రాయిస్తే సరిపోతుందని తెలిసిన దస్తావేజు లేఖరి అంటున్నాడు. నిజమేనా?
– ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: మీరు పంపిన పద్నాలుగు పేజీలూ చదివాను. పన్నెండు పేజీల్లో అమ్మ కష్టాలే ఉన్నాయి. వాటిని ప్లెయింటులో, అంటే కోర్టులో వేసే దావా పత్రంలో, పెడితే జడ్జిగారు పేజీ తిప్పేస్తారు. మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద: మీ తాతగారు కూతురికి పొలం ఇచ్చారా, పంట ఇచ్చారా?

ముందు కాగితం సంగతి. స్థిరాస్తిని దానంగా ఇస్తే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరు కావాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. రాసిన నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి, జరిమానాతో ఇంకో నాలుగు నెలలు. మీరు యాభై ఏళ్లు దాటాక అడుగుతున్నారు, పైగా రాసిచ్చినాయన లేరు. పెనాల్టీ కడితే తీరేది స్టాంపు లోపం ఒక్కటే, రిజిస్ట్రేషన్ లోపం కాదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. కాబట్టి దానపత్రంగా ఆ కాగితం చెల్లదు. మీ బావలు చెప్పింది అంతవరకూ నిజమే.

అయినా దాన్ని పారేయకండి. చెల్లని దానపత్రం హక్కును రుజువు చేయలేకపోయినా, ఆ మనిషి భూమిలో ఏ హోదాలో ఉందో చెప్పగలదు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లిన వరదపిళ్లై కేసులో 1919లోనే ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) దీన్ని తేల్చింది. అక్కడా ఇలాగే రిజిస్టరు కాని దానం, భూమిని పన్నెండేళ్లు పైగా అనుభవించిన ఆడమనిషి. దానం చెల్లలేదు కానీ అనుభవం వల్ల హక్కు నిలబడింది. అసలు యజమానికి తెలిసేలా, బాహాటంగా, సొంతదారుగా పన్నెండేళ్లు అనుభవిస్తే అతని హక్కు లిమిటేషన్ చట్టం 27వ సెక్షన్ కింద ఆరిపోతుంది. ఆ హక్కుతో దావా కూడా వేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

ఇక్కడే మీ మూడో పేజీ భయపెడుతోంది. 'తాతయ్య బండి కట్టించి ఏటా పన్నెండు బస్తాలు పంపేవారు' అని మురిసిపోతూ రాశారు. ఎదుటి వకీలుకు ఈ ఒక్క మాట చాలు. బస్తాలు పంపారంటే సాగు ఆయనది, స్వాధీనం ఆయనది, కూతురికి పెట్టింది పంట మాత్రమే. అలాంటి అనుభవం ఎన్నేళ్లు సాగినా హక్కు కాదు. అందుకని 1974 నుంచి లెక్క కట్టకండి.

మిమ్మల్ని కాపాడేది తొమ్మిదో పేజీలో ఉంది, మీరే గమనించలేదు. నాన్న పోయిన ఏడే అమ్మ సొంతంగా కౌలుదారుని పెట్టుకుందనీ, 1991లో పొలం మీద సొసైటీలో అప్పు తెచ్చి ఇంటి రేకులు మార్పించిందనీ రెండు ముక్కల్లో రాసేశారు. అదే మీ కేసు. తనది కాని పొలాన్ని ఎవరూ తన పేర తాకట్టు పెట్టరు. 1986 నుంచి లెక్కిస్తే పన్నెండేళ్లు 1998లో, తాతగారు బతికుండగానే నిండాయి. ఆయన ముందే పోయి ఉంటే అమ్మ కూడా అన్నదమ్ములతో పాటు వారసురాలయ్యేది. ఉమ్మడి వాటాదారుల్లో ఒకరి స్వాధీనం అందరిదీ అంటారు, అప్పుడు రుజువు నాలుగింతలు కష్టమయ్యేది. ఏడాది తేడాతో గట్టెక్కారు.

ఇప్పుడు రుజువులు. 1986 నుంచి ప్రతి ఏటి అడంగల్ (ఏటా సాగు, అనుభవం రాసే గ్రామ లెక్క) నకలు తహసీల్దారు ఆఫీసులో అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అందులో పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి ఉంటాయి. అమ్మ పేరు ఏ గడిలో ఉందో, ఎలా సంక్రమించిందని రాశారో చూడండి. అక్కడ 'పసుపు కుంకుమ' అని ఉంటే ఒక కథ, 'కౌలు' అని ఉంటే ఇంకో కథ. పాస్‌పుస్తకం వచ్చి ఉంటే 13-బి సర్టిఫికెట్ (రిజిస్టరు కాని బదిలీని క్రమబద్ధం చేస్తూ రెవెన్యూవారు ఇచ్చేది) మీద వచ్చిందా అని అడగండి. అది దొరికితే కేసు సగం బరువు దిగినట్టే. సొసైటీ తాకట్టు రిజిస్టరు అయి ఉంటే 1983 నుంచి తీసిన ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రంలో) కనిపిస్తుంది. శిస్తు, నీటి తీరువా రశీదులు అమ్మ ట్రంకుపెట్టెలో వెతకండి.

ఆ తెల్లకాగితాన్ని 'పాడవకుండా' లామినేషన్ చేయించారట! ఎవరు చెప్పారమ్మా? ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైన చోటు నుంచి వస్తే సంతకాలు అసలువేనని కోర్టు అనుకోవచ్చు. ప్లాస్టిక్ పూత వేశాక నిపుణుడు సిరా ఎలా చూస్తాడు? స్టాంపు సుంకం, పెనాల్టీ కట్టాక దాని మీద రాయాల్సిన రాత ఎక్కడ రాస్తారు? మీరే ఊడదీయకండి, చిరిగితే ఇంకా నష్టం. ఉన్నది ఉన్నట్టు వకీలుకు అప్పగించండి.

పాత స్టాంపు కాగితం జోలికి కలలో కూడా వెళ్లకండి. దాని వెనక అమ్మిన వెండరు పేరు, వరుస నంబరు, తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. రిజిస్టరుతో పోల్చగానే దొరికిపోతారు. విలువైన పత్రం ఫోర్జరీకి భారతీయ న్యాయ సంహిత 338 కింద పదేళ్ల దాకా, యావజ్జీవం కూడా పడవచ్చు. జైలు మాట అటుంచినా, ఒక దొంగ కాగితం బయటపడితే మీ అసలు కాగితాన్నీ ఎవరూ నమ్మరు. లేఖరికి పోయేదేమీ లేదు, కూలి తీసుకుని పక్కకు తప్పుకుంటాడు.

గడువు సంగతి అన్నిటికంటే తొందర. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, హక్కు ఎవరిదన్న జోలికే పోకుండా, దౌర్జన్యంగా తప్పించిన స్వాధీనాన్ని తిరిగి ఇప్పిస్తారు. కౌలుదారు ద్వారా అనుభవిస్తున్న యజమానీ వేయవచ్చు. కానీ తప్పించిన రోజు నుంచి ఆరు నెలల్లో వేయాలి. ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు దావాలకు చెల్లదు. మీ ఉత్తరం జూన్ మొదటి వారంలో అందింది. జులై మధ్యకు గడువు ముగుస్తుంది. 'సంక్రాంతి దాటాక' అంటే కుదరదు, తేదీ కావాలి. మీ కౌలుదారుని అడగండి. అతని పేర నిరుటి ఈ-పంట నమోదు, మీ సంతకంతో పంట సాగుదారు హక్కు పత్రం, సార్వా (తొలి పంట) ధాన్యం డబ్బు పడిన ఖాతా వివరం తీసుకోండి. ఈ దావాకు అవే ప్రాణం. గడువు తప్పినా హక్కు మీద దావాకు పన్నెండేళ్లు ఉంటుంది. కాకపోతే అది ఏళ్లు నడుస్తుంది, ఫీజూ ఎక్కువే.

హక్కు దావా వేసినప్పుడు ప్రత్యామ్నాయంగా వాటా కూడా అడగమనండి. కాగితం చెల్లదని, అనుభవం కూడా హక్కు కాదని తేలితే పొలం తాతగారి ఆస్తిలో కలుస్తుంది. అది ఆయన స్వార్జితమై, వీలునామా లేకపోతే, అమ్మమ్మగారు ముందే పోయారు కనుక ఇద్దరు కొడుకులకూ కూతురికీ తలా మూడో వంతు. ఈ ఎకరం ఇరవైలోనే కాదు, ఆయన వదిలిన మిగతా పొలంలోనూ. ఇంతవరకూ మీ బావలు ఆలోచించినట్టు లేదు. పిత్రార్జితమైతే లెక్క వేరు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పంపకం గానీ డిక్రీ గానీ ఉందేమో చూడాలి, ఉంటే కూతురి వాటా అడగడం కుదరదు.

బహ్రెయిన్‌లో ఉన్న తమ్ముడి ఊసు ఉత్తరంలో ఒక్కచోటే ఉంది. అమ్మ ఆస్తిలో అతనూ సమాన వారసుడే, హక్కు దావాలో వాది కావాలి, ఒప్పుకోకపోతే ప్రతివాదిగా చేర్చాలి. తన తరఫున మీరు నడిపేలా ఎంబసీలో ధ్రువీకరించిన జీపీఏ (అధికార పత్రం) పంపమనండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి.