పశువైద్యం చదివితే వైరస్‌ల పరిశోధనకు దారి మూసుకుపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎంబీబీఎస్‌ సీటు రాలేదు, బీవీఎస్సీలో వచ్చింది. వైరస్‌లను శరీరం ఎలా ఎదిరిస్తుందో పరిశోధించాలన్నది కరోనా నాటి నుంచి తన కోరిక. ఇక ఆ ఆశ వదులుకోవలసిందేనా? – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అక్కర్లేదండీ. మీరు అడుగుతున్న రంగాన్ని మలుపు తిప్పినవారిలో పీటర్ డోహర్టీ ఒకరు. ఆయన ఆస్ట్రేలియాలో పశువైద్యం చదివారు. 1970ల మొదట్లో కాన్‌బెర్రాలో స్విట్జర్లాండ్ వైద్యుడు రాల్ఫ్ జింకర్‌నాగెల్‌తో కలిసి ఎలుకలపై ప్రయోగాలు చేశారు. వైరస్ సోకిన ఎలుకలోని టి కణాలు (రోగాన్ని ఎదిరించే ఒక రకం తెల్ల రక్తకణాలు) అదే రకం ఎలుకల రోగగ్రస్త కణాలను చంపాయి. వేరే రకం ఎలుకల కణాల్లో అదే వైరస్ ఉన్నా వాటి జోలికి పోలేదు. టి కణం వైరస్ ఆనవాలుతోపాటు తన శరీరపు గుర్తును కూడా చూస్తుందని అలా తేలింది. 1996లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ‘ఎంబీబీఎస్ రాక ఇందులో చేరింది’ అనే మాట ఇంట్లో దయచేసి ఎవరినీ అననివ్వకండి.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీవీఎస్సీ ఐదున్నరేళ్లు. తర్వాత మైక్రోబయాలజీలో ఎంవీఎస్సీ (పశువైద్యంలో పీజీ) చేయాలి. ఉత్తరప్రదేశ్‌లో బరేలీ పక్కనున్న ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) అందుకు మంచి చోటు. పీహెచ్‌డీ సమయానికి హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థను తప్పక చూడండి. జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపైన రూ.42,000, ఇంటి అద్దె భత్యం వేరు.

ఒక విషయం దాచను. పీహెచ్‌డీ, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ముగిసి స్థిరమైన ఉద్యోగం దొరికేసరికి ముప్పై దాటుతుంది. ఈలోగా పెళ్లి తొందర పెట్టకుండా, స్నేహితుల జీతాలతో పోల్చకుండా ఉండగలరా? ఆమె తెలివి కన్నా నాకు ఈ సంగతే ముఖ్యం.

పని ఎలా ఉంటుందో కూడా ఆమెకు ముందే తెలియాలి. గొట్టంలోని ఫైకాల్ ద్రవం (రక్తకణాలను బరువును బట్టి విడదీసే చిక్కని ద్రావణం) మీద, పలచన చేసిన రక్తాన్ని కలిసిపోకుండా అంచు వెంట చుక్కచుక్కగా జార్చాలి. సెంట్రిఫ్యూజ్‌లో (గొట్టాలను వేగంగా తిప్పే యంత్రంలో) తిప్పి తీస్తే ఎర్రకణాలు అడుగుకు దిగి, మధ్యలో పాల మీగడంత పలచని తెల్లని పొర తేలుతుంది. టి కణాలు ఉండేది అందులోనే. చెయ్యి వణికితే పొర చెదిరి, ఆ పూట శ్రమంతా వృథా. ఇలాంటివి వందలసార్లు చేయాలి.

ముందు సీటు ఖరారు చేసుకోండి. రెండో ఏడాది నుంచి సెలవుల్లో కళాశాల మైక్రోబయాలజీ ప్రయోగశాలలో పని నేర్చుకుంటానని ఆమెనే వెళ్లి ఆచార్యులను అడగమనండి.