వేషం ఒప్పుకునే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. అంత పెద్ద వేషం వచ్చినందుకు ముందు నా సంతోషం. అల్లుడు ముభావంగా ఉంటున్నాడనీ, అడిగితే "ఏం లేదు" అంటున్నాడనీ రాశావు. అతనికి నాటకమంటే పడదని తేల్చేశావు కూడా. నాకలా అనిపించలేదు. డైరెక్టరుకి సరేనన్న మర్నాడు కదూ నువ్వు అతనికి చెప్పింది? అప్పుడిక అతను అవునన్నా కాదన్నా ఒకటే.

ఇకమీదట ఒప్పుకునే ముందే కూర్చుని మాట్లాడు. "కొంచెం బిజీగా ఉంటాను" అంటే చాలదు, తేదీలతో చెప్పు. స్క్రిప్టు చదువుకునే రోజులు తేలిగ్గానే గడిచిపోతాయి. ప్రదర్శనకు ముందు వారం అలా కాదు. లైట్లు, మ్యూజిక్, సెట్ అన్నీ కలిసేది అప్పుడే. ఒక్క లైటు సరిచెయ్యడానికి నిన్ను కదలకుండా నిలబెడతారు, ఇంటికి ఎన్నింటికి చేరతావో డైరెక్టరే చెప్పలేడు. ఆ వారం పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే తేలిపోవాలి. ఆఖరి షో అయ్యాక కొన్నాళ్లు దిగాలుగా ఉంటావని కూడా చెప్పు. లేకపోతే ఆ దిగులు తన వల్లే అనుకుంటాడు.

ప్రేమ సన్నివేశం గురించి "నటనే కదా" అని వాదించకు. తోటి నటుణ్ణి, డైరెక్టర్ని అడిగి ఆ సీను రిహార్సల్‌కి అతన్ని తీసుకెళ్లు. రెండడుగులు ముందుకి, ముఖం లైటు వైపు, చెయ్యి భుజం మీద, ఆగు, మళ్లీ మొదట్నుంచి... కాసేపటికి అతనే ఆవులిస్తాడు.

డైలాగులు అప్పజెప్పడానికి స్క్రిప్టు అతని చేతికివ్వచ్చు గానీ రోజూ వద్దు. మీ మాటలు మీకూ ఉండాలి కదా. ఇంకో సంగతి, మొదటి షో రాత్రి "ఎలా చేశాను?" అని అడగకు. నిజం చెబితే తట్టుకోలేవు, అబద్ధం చెబితే ఇట్టే పట్టేస్తావు.

నెలల తరబడి టూర్ అంటే మాత్రం బాగా ఆలోచించు. రష్యన్ రచయిత చెహోవ్‌ని, నటి ఓల్గా క్నిప్పర్‌ని ఇలాంటప్పుడు గొప్పగా చెబుతుంటారు. 1901లో పెళ్లయింది. ఆమె నాటకాలు మాస్కోలో, క్షయతో ఆయన యాల్టాలో. 1904లో ఆయన పోయేదాకా చాలావరకు ఉత్తరాల కాపురమే. అందులో ఆదర్శమేముందో నాకైతే బోధపడదు.

"నాటకమా, నేనా?" అని అతను ఎప్పుడైనా అంటే, రిహార్సల్ నుంచి వచ్చిన అలసటలో జవాబివ్వకు. తెల్లారాక మాట్లాడు. అతనూ ఒకప్పుడు వేషాలు వేసి ఉద్యోగం కోసం మానేసినవాడే. నీకు చప్పట్లు పడుతుంటే అతని మనసులో ఏముంటుందో! దానికి అసూయ అని పేరు పెట్టెయ్యకు. మళ్లీ వెయ్యాలనుందా అని అసలెప్పుడైనా అడిగావా? ఉందంటే, వచ్చే నాటకానికి సాయంత్రాలు ఇంట్లో ఉండే వంతు నీది.

మీ పెద్దమ్మ